ఖాళీ షెడ్డు చూడటానికి అంత దూరమా? పాత ఎయిర్‌షిప్ హ్యాంగర్లు, విమాన మ్యూజియంలు చూసొచ్చే పద్ధతి

కాలిఫోర్నియాలో సన్నీవేల్, మౌంటెన్ వ్యూ వైపు 101 హైవే మీద రోజూ తిరిగే మనవాళ్లందరూ ఆ కట్టడాన్ని చూసే ఉంటారు. పెద్ద పడవను బోర్లించి పెట్టినట్టు ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కారు అద్దంలోంచి చూసి "అదేంట్రా?" అని అడుగుతారు. "నాసా వాళ్లది" అనేసి మనం లేన్ మారిపోతాం. నేనూ మూడేళ్లు అదే చెప్పాను. ఒకరోజు నాన్న వదల్లేదు. "నాసా వాళ్లది సరే, దాంట్లో ఏం పెట్టేవాళ్లు?" అన్నారు. ఇంటికొచ్చి వెతికితే తెలిసింది: దాన్ని ఏ వస్తువు కోసం కట్టారో ఆ వస్తువు 1935 ఫిబ్రవరి 12న పసిఫిక్ సముద్రంలో మునిగిపోయింది. పెట్టె మాత్రం మిగిలింది.

ఈ యాత్రలో చిక్కంతా అదే. మామూలు మ్యూజియంలో వస్తువు ఎదురుగా ఉంటుంది, పక్కన బోర్డు ఉంటుంది, చదువుకుని ముందుకెళ్తాం. ఎయిర్‌షిప్ అంటే వాయువు నింపి గాలిలో తేలించే పెద్ద ఓడ, హ్యాంగర్ అంటే దాన్ని నిలిపే షెడ్డు. ఎయిర్‌షిప్ హ్యాంగర్ దగ్గర వస్తువు ఉండదు. తెలియకుండా వెళ్తే "అబ్బో, ఎంత పెద్ద షెడ్డో" అనుకుని పది నిమిషాల్లో వెనక్కి వచ్చేస్తారు. కాస్త తయారై వెళ్తే అదే చోట సగం రోజు గడుస్తుంది. ఆ తయారీ ఎలాగో వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: అంత పెద్దది ఎందుకు కట్టారో తెలుసుకోండి

ఎయిర్‌షిప్ గాలిలో తేలేది లోపలి వాయువు వల్ల. హీలియం అయితే ఒక ఘనపు మీటరుకు సుమారు ఒక కిలో బరువు ఎత్తుతుంది. హైడ్రోజన్ ఇంకొంచెం ఎక్కువ ఎత్తుతుంది కానీ అంటుకుంటుంది. కిలోకు ఘనపు మీటరు అంటే, వందల టన్నులు ఎత్తాలంటే ఎంత వాయువు కావాలో లెక్క వేసుకోండి. హిండెన్‌బర్గ్ అనే జర్మన్ ఎయిర్‌షిప్‌లో సుమారు 2 లక్షల ఘనపు మీటర్ల వాయువు పట్టేది. దాని పొడవు 245 మీటర్లు. మూడు జంబో జెట్లను ముక్కు నుంచి తోక దాకా వరసగా నిలబెట్టినా ఇంకా కాస్త మిగులుతుంది.

ఇంత పొడవున్నది నేల మీదకు దిగితే గాలి దాన్ని ఊరుకోనివ్వదు. వందల మంది తాళ్లు పట్టుకుని లాగినా పక్క గాలికి తిరిగిపోయేది. బయట వదిలేస్తే పాడవుతుంది. అందుకే ఇల్లు కావాలి. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేని ఇల్లు.

ఇంకో తేడా కూడా తెలిసి ఉండాలి. హిండెన్‌బర్గ్ లాంటి వాటికి లోపల తేలికపాటి లోహంతో అస్థిపంజరం ఉంటుంది, దాని మీద గుడ్డ తొడుగు, లోపల విడివిడిగా వాయువు సంచులు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీ జలాంతర్గాముల కోసం సముద్రం మీద కాపలాకు తిప్పిన బ్లింప్‌లకు అస్థిపంజరం లేదు. లోపలి వాయువు ఒత్తిడే వాటికి ఆకారం. హ్యాంగర్ ముందు నిలబడినప్పుడు ఇది ఏ రకం కోసం కట్టిందో తెలిస్తే సగం సంగతి అర్థమైనట్టే.

రెండో మెట్టు: ఏ హ్యాంగర్‌కు వెళ్లాలో ఎంచుకోండి

అన్ని హ్యాంగర్లలోకీ రానివ్వరు. కొన్నింటిని రోడ్డు మీద నుంచి చూడాల్సిందే. కొన్నింటిలో కూరగాయలు అమ్ముతున్నారు. టికెట్లు కొనే ముందు ఇది తేల్చుకోవాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఆరెగాన్‌లోని టిల్లమూక్. పోర్ట్‌లండ్ నుంచి కారులో గంటన్నర. 1943లో బ్లింప్‌ల కోసం కట్టిన హ్యాంగర్ బి ఇప్పుడు టిల్లమూక్ ఎయిర్ మ్యూజియం. 1,072 అడుగుల పొడవు, 296 అడుగుల వెడల్పు, 192 అడుగుల ఎత్తు, అంతా చెక్క. యుద్ధనౌకలకు ఉక్కు కావాల్సి వచ్చి దీన్ని చెక్కతో కట్టారు. పక్కనే ఇలాంటిదే హ్యాంగర్ ఎ ఉండేది, 1992లో కాలిపోయింది. చెక్క హ్యాంగర్లకు ఈ గండం ఎప్పుడూ ఉంటుంది. దక్షిణ కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో జంట హ్యాంగర్లలో ఒకటి 2023 నవంబర్‌లో తగలబడిపోయింది. "వచ్చే ఏడాది చూద్దాంలే" అనుకునే అలవాటు ఈ విషయంలో మంచిది కాదు.

న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు లేక్‌హర్స్ట్ దగ్గర. ఎడిసన్ నుంచి సుమారు గంట ప్రయాణం. హిండెన్‌బర్గ్ 1937 మే 6న కాలిపోయింది అక్కడే. 1921లో కట్టిన హ్యాంగర్ నంబర్ 1 ఇంకా నిలబడి ఉంది. అమెరికాలోనే కట్టిన షెనన్‌డోవా అనే ఎయిర్‌షిప్‌ను జోడించింది అందులోనే. అయితే ఇది ఇప్పటికీ సైనిక స్థావరం, కాబట్టి ఊరికే వెళ్లి గేటు దగ్గర నిలబడితే లాభం లేదు. ఆ సంగతి నాలుగో మెట్టులో.

సన్నీవేల్ దగ్గరి మాఫెట్ ఫీల్డ్ హ్యాంగర్ వన్‌ను (మొదట చెప్పిన బోర్లించిన పడవ ఇదే) బయటి నుంచి చూడాలి. పక్కనే ఉన్న మాఫెట్ ఫీల్డ్ మ్యూజియంలోకి మాత్రం వెళ్లొచ్చు. ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ దగ్గర కార్డింగ్టన్ జంట షెడ్లూ అంతే, దూరం నుంచి చూసేవే. ఫ్రాన్స్‌లో నార్మండీకి వెళ్తే ఎకోస్‌విల్ అనే పల్లెలో 150 మీటర్ల పొడవున్న కాంక్రీటు హ్యాంగర్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం కోసం 1917లో మొదలుపెడితే యుద్ధం అయిపోయాక 1919లో పూర్తయింది. మన దగ్గర ప్రభుత్వ పనుల మీద వేసుకునే జోకులు అక్కడా వేసుకోవచ్చు.

లాత్వియాలోని రీగా సెంట్రల్ మార్కెట్ నాకు అన్నిటికన్నా ముచ్చటైనది. జర్మన్లు వదిలేసి వెళ్లిన జెప్పెలిన్ (వాళ్ల ఎయిర్‌షిప్‌ల పేరు) షెడ్ల ఇనుప కమానులు తెచ్చి ఐదు పెద్ద హాళ్లు కట్టారు, 1930లో తెరిచారు. ఒకదాంట్లో చేపలు, ఒకదాంట్లో మాంసం, ఒకదాంట్లో పాలు, వెన్న. దీనికి అనుమతి అక్కర్లేదు, సంచి ఉంటే చాలు.

మూడో మెట్టు: ఒక్క ఓడ కథ చదువుకుని వెళ్లండి

పది ఎయిర్‌షిప్‌ల పేర్లు బట్టీ పట్టొద్దు. వెళ్లే హ్యాంగర్‌కు సంబంధించిన ఒక్కదాని కథ బాగా తెలుసుకుంటే చాలు. ఉదాహరణకు హ్యాంగర్ వన్ తీసుకుందాం.

1930 ప్రాంతంలో అమెరికా నేవీ పశ్చిమ తీరంలో ఎయిర్‌షిప్ స్థావరం పెట్టాలనుకుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చందాలు వేసుకుని సుమారు 4.8 లక్షల డాలర్లు పోగుచేసి, వెయ్యెకరాలు కొని, నేవీకి ఒక్క డాలరుకు ఇచ్చారు. ఇప్పుడు అక్కడ వెయ్యెకరాల విలువ ఎంతో ఇల్లు కొనడానికి తిరిగిన వాళ్లను అడగండి.

1933కి హ్యాంగర్ పూర్తయింది. 1,133 అడుగుల పొడవు, 308 అడుగుల వెడల్పు, 198 అడుగుల ఎత్తు. పద్నాలుగు బోగీల రైలు లోపల పట్టేస్తుంది. చార్మినార్ పైకప్పుకు తగలకుండా నిలబడుతుంది. ఎనిమిది ఎకరాల పొలం మొత్తం ఒక్క కప్పు కింద అన్నమాట. అదంతా యు.ఎస్.ఎస్. మేకన్ అనే 785 అడుగుల ఎయిర్‌షిప్ కోసం.

మేకన్ విచిత్రం ఏమిటంటే దాని పొట్టలో విమానాలు ఉండేవి. స్పారోహాక్ అనే చిన్న యుద్ధ విమానాలు. వాటిని కింద ఉన్న ఊయల లాంటి కడ్డీకి తగిలించి గాలిలోనే వదిలేవాళ్లు. తిరిగొచ్చిన పైలట్ తన విమానం పైనున్న కొక్కేన్ని ఆ కడ్డీకి తగిలించాలి. తగిలాక పైకి లాక్కునేవాళ్లు. నేల మీద దిగే పనే లేదు కాబట్టి కొన్నిసార్లు చక్రాలు తీసేసి ఆ చోట ఇంధన ట్యాంకు పెట్టేవాళ్లు.

మేకన్‌కు అక్కలాంటిది ఏక్రన్. అది 1933 ఏప్రిల్ 4న న్యూజెర్సీ తీరంలో తుఫానులో కూలిపోయింది. 76 మందిలో 73 మంది చనిపోయారు. అందులో లైఫ్ జాకెట్లు లేవు. చనిపోయిన వాళ్లలో నేవీ విమాన విభాగం అధిపతి రియర్ అడ్మిరల్ విలియం మాఫెట్ ఒకరు. మాఫెట్ ఫీల్డ్ పేరు ఆయనదే. ఆ తర్వాత మేకన్‌లో జాకెట్లు, రబ్బరు తెప్పలు పెట్టారు. 1934లో అమెరికాను అడ్డంగా దాటేటప్పుడు మేకన్ తోక దగ్గరి దూలాలు దెబ్బతిన్నాయి. మరమ్మతు పూర్తిగా చేయలేదు. పది నెలల తర్వాత కాలిఫోర్నియా తీరంలోని పాయింట్ సర్ దగ్గర గాలివానలో ఆ తోకే విరిగింది. 83 మందిలో ఇద్దరే చనిపోయారు. ఏక్రన్ నేర్పిన పాఠం అక్కడ 81 మందిని కాపాడింది.

ఈ కథ తెలిసి హ్యాంగర్ వన్ ముందు నిలబడటం వేరు, తెలియకుండా నిలబడటం వేరు. మేకన్ ఆ ఇంట్లో ఉన్నది ఏడాదిన్నర లోపే. ఇల్లు మాత్రం తొంభై ఏళ్లు దాటి నిలబడింది. మధ్యలో దాని పైరేకుల్లో విష రసాయనాలు ఉన్నాయని తేలి, రేకులన్నీ ఒలిచేసి కొన్నేళ్లు ఎముకల గూడులా వదిలేశారు. 2014లో గూగుల్ అనుబంధ సంస్థ 60 ఏళ్ల లీజుకు తీసుకుంది, 2022లో బాగుచేసే పని మొదలైంది.

మన దేశానికి దగ్గరి కథ కావాలంటే కార్డింగ్టన్‌ది చదవండి. 1930 అక్టోబర్ 4 సాయంత్రం అక్కడి నుంచి ఆర్101 అనే బ్రిటిష్ ఎయిర్‌షిప్ బయల్దేరింది. వెళ్లాల్సింది కరాచీకి, అంటే అప్పటి ఇండియాకు. దాని కోసం కరాచీలో కొండంత షెడ్డు కట్టి సిద్ధంగా ఉంచారు. ఓడ ఫ్రాన్స్ దాటలేదు. మర్నాడు తెల్లవారుజామున బోవే దగ్గర కూలి, 54 మందిలో 48 మంది చనిపోయారు. వాళ్లలో బ్రిటన్ విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్ కూడా ఉన్నాడు. కరాచీ షెడ్డులోకి ఒక్క ఎయిర్‌షిప్ కూడా రాలేదు. 1960లలో దాన్ని విప్పేశారు. కార్డింగ్టన్ వెళ్లినవాళ్లు షెడ్లు దూరం నుంచి చూసి, ఊళ్లోని సెయింట్ మేరీస్ చర్చికి తప్పకుండా వెళ్లాలి. ఆర్101 మీద ఎగిరిన జెండా, అంచులు కాలినది, అక్కడే ఉంది. ఎదురుగా శ్మశానంలో 48 మందికీ కలిపి ఒకే సమాధి.

నాలుగో మెట్టు: కాగితాలు, అనుమతులు

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వీసా మీద ఉన్నవాళ్లు, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, పౌరులు, అందరికీ ఒకే రూల్ ఉండదు. లేక్‌హర్స్ట్ లాంటి సైనిక స్థావరంలోకి వెళ్లాలంటే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. వారాల ముందే వివరాలు పంపాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లను రానిస్తారా లేదా అన్నది అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. హోటల్ బుక్ చేశాక కాదు. మెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి. నా స్నేహితుడొకరు ఇలాంటి చోటికే అత్తమామలను తీసుకెళ్లి, లోపలికి తను ఒక్కడే వెళ్లొచ్చని గేటు దగ్గర తెలుసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ మాట్లాడలేదట.

మాఫెట్ ఫీల్డ్ మ్యూజియం కూడా గేటు దాటాకే ఉంటుంది. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కారులో ఉన్న ప్రతి పెద్దవాళ్ల దగ్గరా ఉండాలి. అమ్మానాన్నల పాస్‌పోర్టులు అసలైనవే తీసుకెళ్లండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే సరిపోతుందనుకోవద్దు. ఇలాంటి చిన్న మ్యూజియంలు వారంలో కొన్ని రోజులే, అదీ కొన్ని గంటలే తెరుస్తారు. నడిపేది ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలు. బయల్దేరే రోజు ఉదయం ఒక ఫోన్ కొట్టండి.

టిల్లమూక్‌కు ఈ టెన్షన్ ఏదీ లేదు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లడమే.

ఐదో మెట్టు: ఆ రోజుకు సిద్ధం కావడం

లోపల చలి. అంత పెద్ద హాలును ఎవరూ వేడి చేయలేరు. జూలైలో కూడా స్వెట్టర్ పట్టుకెళ్లండి. నేల గట్టి కాంక్రీటు, నడక ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వీల్‌చైర్ ఉందేమో ముందే అడిగితే వాళ్లకూ మొహమాటం ఉండదు. ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వెళ్లి పార్కింగ్‌లో తినడం శ్రేయస్కరం, చాలా చోట్ల దగ్గరలో తినడానికి ఏమీ దొరకదు. టిల్లమూక్ మాత్రం మినహాయింపు: ఆ ఊరి చీజ్, ఐస్‌క్రీం అమెరికా అంతా పేరున్నవి, డెయిరీని చూడనిస్తారు కూడా. పిల్లలను హ్యాంగర్‌కు రప్పించడానికి అంతకన్నా మంచి లంచం లేదు.

ఉదయం తెరిచిన వెంటనే వెళ్లండి. జనం లేనప్పుడు మాత్రమే ఆ ఖాళీ తెలుస్తుంది.

ఆరో మెట్టు: లోపల ఏం చూడాలి

అడుగుపెట్టగానే విమానాల వైపు పరుగెత్తకండి. అవి ఎక్కడికీ పోవు. ముందు ఒక మూల నిలబడి పైకి చూడండి. టిల్లమూక్‌లో చెక్క కమానులు ఒకదాని వెనుక ఒకటి, తిమింగలం పొట్టలో నిలబడినట్టు ఉంటుంది. పక్కటెముకలను ఒక చివర నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టండి. మధ్యలోనే లెక్క తప్పుతుంది. అప్పుడు తెలుస్తుంది పొడవు.

తర్వాత తలుపులు. హ్యాంగర్‌లో అసలు ఇంజినీరింగ్ అక్కడే ఉంది. పెద్ద చదునైన తలుపు తెరిచి పక్కకు నిలిపితే గాలి దానికి కొట్టుకుని సుళ్లు తిరుగుతుంది. సరిగ్గా ఎయిర్‌షిప్ ముక్కు బయటపెట్టే చోట. అందుకే హ్యాంగర్ వన్‌కు బత్తాయి తొన ఆకారంలో వంపు తలుపులు పెట్టారు. అవి భవనం ఒంటిని ఆనుకుని పక్కకు జారుతాయి, గాలికి అడ్డు తగలవు. టిల్లమూక్ తలుపులు వేరు: ఒక్కో వైపు ఆరు పలకలు, పట్టాల మీద పక్కకు జరుగుతాయి, ఒక్కో పలక సుమారు 30 టన్నులు. బయటికి వచ్చి తలుపు పక్కన ఉన్న కాంక్రీటు స్తంభాలు చూడండి. తలుపులు పట్టాల మీద జరిగేటప్పుడు వాటి పై అంచును పట్టి ఉంచే దూలాన్ని మోసేవి అవే.

నేల చూడటం ఎవరికీ గుర్తుండదు. పాత పట్టాలు, గుంటలు, నేలలో బిగించిన ఇనుప రింగులు ఎక్కడైనా కనిపిస్తే ఆగండి. ఓడను తాళ్లతో కట్టింది, మెల్లగా లోపలికి లాగింది వాటి సాయంతోనే.

లేక్‌హర్స్ట్‌లో లోపలి కన్నా బయటే ఎక్కువసేపు ఉండాలనిపిస్తుంది. హిండెన్‌బర్గ్ పడిన చోట నేల మీద గొలుసుతో గుర్తు పెట్టారు. 97 మంది ప్రయాణిస్తున్నారు, వాళ్లలో 35 మంది చనిపోయారు, కింద తాడు పట్టుకోవడానికి వచ్చిన సిబ్బందిలో ఒకరు. మంటలన్నీ అర నిమిషానికి కాస్త పైగా. అయినా 62 మంది బతికారన్న సంగతి ఆ ప్రమాదం వీడియో చూసిన ఎవరూ నమ్మరు. ఆ గొలుసు పక్కన నిలబడి హ్యాంగర్ వైపు చూడండి. మూడు రోజులు అట్లాంటిక్ దాటి వచ్చిన ఓడ ఇంటి గుమ్మంలో పడిపోయింది.

ఏడో మెట్టు: విడిపోయిన ముక్కలను మ్యూజియంలలో కలపండి

ఇల్లు ఒకచోట, ఓడ సముద్రంలో, మిగిలిన ముక్కలు దేశమంతా. వాటిని వెతుక్కుంటూ వెళ్లడమే నాకు ఇందులో నచ్చేది. మేకన్ పొట్టలో ఉన్న స్పారోహాక్ రకం విమానాల్లో మిగిలింది ఒక్కటే. అది స్మిత్సోనియన్ వాళ్ల దగ్గర, వర్జీనియాలో డల్లెస్ విమానాశ్రయం పక్కనున్న ఉద్వర్-హేజీ సెంటర్‌లో. ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కు డబ్బు తీసుకుంటారు. అక్కడ అందరూ డిస్కవరీ స్పేస్ షటిల్ చుట్టూ మూగుతారు. మీరు ఈ చిన్న విమానం దగ్గరికి వెళ్లి రెక్క పైనున్న కొక్కెం చూడండి. టిల్లమూక్‌లో తిరిగిన కె రకం బ్లింప్‌లలో మనుషులు కూర్చునే గది ఎలా ఉండేదో కనెక్టికట్‌లోని న్యూ ఇంగ్లండ్ ఎయిర్ మ్యూజియంలో తెలుస్తుంది. అక్కడ కె-28 బ్లింప్ గదిని బాగుచేసి పెట్టారు.

జర్మనీలో చదువుకునే పిల్లలకు ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ ఉంది. మొదటి జెప్పెలిన్ 1900 జూలై 2న ఎగిరింది ఆ ఊరి పక్కనున్న కాన్‌స్టాన్స్ సరస్సు మీదే. పాత రైల్వే స్టేషన్‌లో 1996 నుంచి నడుస్తున్న జెప్పెలిన్ మ్యూజియంలో హిండెన్‌బర్గ్‌లో 33 మీటర్ల భాగాన్ని అసలు కొలతలతో మళ్లీ కట్టారు. మెట్లెక్కి లోపల క్యాబిన్లు చూడొచ్చు. మన థర్డ్ ఏసీ బెర్తు కన్నా పెద్దగా ఉండవు. డాయిచ్‌లాండ్ టికెట్ (నెలవారీ పాసు) ఉంటే రీజనల్ రైళ్లలో విడిగా ఖర్చు లేకుండా వెళ్లొచ్చు. అక్కడ ఇప్పటికీ 75 మీటర్ల జెప్పెలిన్ ఎన్‌టీ ప్రయాణికులతో ఎగురుతుంది. టికెట్ ధర చూశాక కింద నుంచి చెయ్యి ఊపడమే మేలనిపించొచ్చు.

ఏ విమాన మ్యూజియంలోనైనా ఒక పద్ధతి పాటించండి. అన్ని బోర్డులూ చదవొద్దు. మూడు విమానాలు ఎంచుకుని వాటి చుట్టూ పూర్తిగా తిరగండి. టైర్లు, రివెట్లు, అతుకులు, లోపలికి ఎక్కే చోటు చూడండి. టోపీ పెట్టుకుని తిరిగే పెద్దాయన కనిపిస్తే "మీరు ఇలాంటిదాంట్లో పని చేశారా సార్?" అని అడగండి. చాలాసార్లు చేసే ఉంటారు. ఆ తర్వాత మీరు మాట్లాడాల్సిన అవసరం ఉండదు, వింటే చాలు.

దీన్ని ఇంటి దగ్గరే సాధన చేయొచ్చు. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా 2017 నుంచి టీయూ-142 విమానం మ్యూజియంగా ఉంది. 29 ఏళ్లు నేవీలో పనిచేసిన నిఘా విమానం. అది వెతికింది జలాంతర్గాముల కోసం. రోడ్డుకు అటు ఒకటి, ఇటు ఒకటి. టిల్లమూక్ బ్లింప్‌లు చేసిన పనీ అదే.

చివరిగా, ఫొటో

హ్యాంగర్‌ను ఒక్కదాన్నే తీస్తే ఫొటోలో మామూలు గోడౌన్‌లా వస్తుంది. ఎవరూ నమ్మరు. తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, మీరు వీలైనంత వెనక్కి రండి. సైనిక స్థావరాల్లో ఫొటోలకు హద్దులుంటాయి, ముందు అడగండి. మాఫెట్ ఫీల్డ్‌లో కంచె దగ్గర నాన్నను నిలబెట్టి, నేను వెనక్కి వెనక్కి నడిచి తీశాను. ఇంటికొచ్చాక నాన్న దాన్ని బాబాయికి వాట్సాప్‌లో పంపుతూ కళ్లజోడు పైకి కిందకి జరుపుకుని, ఫొటో పెద్దది చేసి చేసి, "ఇందులో నేనెక్కడున్నానురా?" అన్నారు.